బండి కింద తడి

మూడు నెలల పాటు నా పొద్దు ఒకే పనితో మొదలైంది. పళ్లు తోముకోకముందే టార్చి పట్టుకుని వాకిట్లోకి పోవడం, మోకాళ్ల మీద కూర్చుని బండి కిందికి తొంగి చూడడం. తడి ఉంటే ఉందని, లేకపోతే లేదని ఫోన్లో రాసుకోవడం. కిటికీలోంచి అమ్మ రోజూ ఒకటే అడిగేది. "ఉన్నదారా?" ఉందమ్మా అంటే ఆ పూట టీ కూడా చప్పగానే ఉండేది.

ఆ బండి మా ఇంటి క్యారవాన్. క్యారవాన్ అనగానే షూటింగుల దగ్గర హీరోలు కూర్చునే ఏసీ బస్సు గుర్తొస్తుంది కదా. మాది అంత సీన్ లేదు. పాత డీజిల్ వ్యాను సీట్లు పీకేసి, రెండు మంచాలు, ఒక స్టవ్వు, సింకు, మూలకు చిన్న టాయిలెట్ పెట్టించాం, అంతే. బండిలోనే వంట, బండిలోనే పడక అన్నది తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1982లో ఎన్టీఆర్ ఊరూరూ తిరిగింది పాత షెవర్లే వ్యానును మార్చి చేసిన చైతన్యరథం మీదే. నడిపింది హరికృష్ణ. మా బాపు ఆ బండి సంగతి ఇప్పటికీ చెప్తాడు, పక్కనే నిలబడి చూసినట్టు.

బాపు ముప్పై ఏళ్లు లారీ నడిపిండు. కానీ ఈ బండి బాపు సరదా కోసం కొన్నది కాదు, అమ్మ కోసం. రెండు మోకాళ్లకు ఆపరేషన్ అయినంక అమ్మ బయటికి పోవడం మానేసింది. అడిగితే నడవలేనని చెప్పేది. అసలు సంగతి వేరే. దారిలో బాత్రూం దొరకదు, దొరికినా కూర్చునేటట్టు ఉండదు. ఆడవాళ్ల కష్టం ఇంట్లో కూడా బయటికి చెప్పుకోరు. ఉట్నూర్ పక్కన ఊళ్లో అమ్మమ్మ ఉంటది, ఎనభై దాటింది. కరీంనగర్ నుంచి ఆ ఊరికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. అయినా రెండేళ్లు తల్లీబిడ్డలు వీడియో కాల్‌లోనే చూసుకున్నరు. టాయిలెట్ ఉన్న బండి అయితే పోతానన్నది అమ్మ. అందుకే కొన్నాం.

కొన్నది ఢిల్లీ బండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ రోడ్ల మీద తిరగొద్దని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆర్డర్ ఇచ్చింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. దాంతో పదో ఏడు దగ్గరపడ్డ బండ్లు అప్పట్లో అక్కడ తక్కువ ధరకు అమ్ముడుపోయేవి, ఎన్‌ఓసీ తెచ్చుకుని మనలాంటోళ్లు ఇక్కడ నడుపుకునేవాళ్లు. (ఈ కథ చదివి ఎవరికైనా ఆశ పుడితే ఒక మాట. లోపల మార్పులు చేయించే ముందే ఆర్టీఏకు పోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఊరికే లేదు. ఆర్సీలో ఎక్కకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు మొహం తిప్పుకుంటారు.) ఢిల్లీ బండి అన్న ముచ్చట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తడి కనబడింది బండి మధ్యలో, ఎడమ పక్క. సరిగ్గా దాని పైనే సింకులో వాడిన నీళ్లు పడే ట్యాంకు. రంగు లేదు, వాసన లేదు. ఇంకేముంది, సింకు కారుతుందన్నాం. మొదటి షెడ్డులో పైపు మార్చి, అతుకుల దగ్గర ఎంసీల్ పెట్టారు. వారం తర్వాత మళ్లీ తడి. ఇంకో షెడ్డుకు పోతే అతను బానెట్ ఎత్తి చూసి, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గింది కాబట్టి హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నాడు. ఇంజిన్ విప్పాలి, 45 వేలు అవుతుందన్నాడు. ఆ రాత్రి బాపు అన్నం సగంలోనే లేచిండు. "అమ్మేద్దాం తియ్" అన్నడు. అమ్మ ఏమీ అనలేదు. అదే నాకు ఇబ్బందిగా అనిపించింది.

నేను చదివింది ఈసీఈ, చేసేది సాఫ్ట్‌వేర్. నాలుగేళ్ల ఇంజినీరింగులో ఇంజిన్‌ను దగ్గర నుంచి చూసింది లేదు. కానీ తప్పు ఎక్కడుందో వెతకడం నా రోజువారీ పనే. మా దగ్గర ప్రోగ్రాం పడిపోతే ఎక్కడ పడిందో లాగ్‌లో రాసి ఉంటుంది. బండి అట్లా ఏమీ రాసిపెట్టదు. కాబట్టి మనమే రాసుకోవాలి. రాత్రి బండి కింద పెద్ద అట్టపెట్టె పరిచి, నాలుగు చక్రాల జాగా స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టా. పొద్దున అట్ట బయటికి లాగితే చుక్క ఎక్కడ పడిందో, ఎంత పడిందో కనబడుతుంది. ఎవరికైనా ఇదే మొదటి పని అంటాను నేను. పది రూపాయల అట్టముక్క, పొరపాటున ఇంజిన్ విప్పించకుండా కాపాడుతుంది.

రెండో పని, కారేది ఏంటో గుర్తుపట్టడం. బండిలో తిరిగే ద్రవాలు ఏడెనిమిది ఉంటాయి, దేని తీరు దానిదే. ఇంజిన్ ఆయిల్ నల్లగా, వేళ్ల మధ్య జారుతుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. డీజిల్‌కు పరిచయం అక్కర్లేదు. కొత్త బీఎస్6 బండ్లలో పోసే యూరియా నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. అన్నిటికన్నా భయపడాల్సింది బ్రేక్ ఆయిల్‌కు. లేత పసుపుగా, నూనెలా ఉంటుంది, పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది. చక్రం లోపలి వైపు అట్లాంటి తడి కనబడితే బండి తీయకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి. కూలెంట్ అయితే ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటుంది, కొంచెం తీపి వాసన వస్తుంది. ఇక ఎండాకాలం ఏసీ పైపు నుంచి కారేవి ఉత్త నీళ్లే, దానికి మెకానిక్ దగ్గరికి పరిగెత్తి నవ్వులపాలైన వాళ్లు ఉన్నారు. నేనూ ఒకసారి పోయా.

మా అట్ట మీద ఉన్నది ఉత్త నీళ్లలాగే ఉంది. అక్కడే మూడు నెలలు మోసపోయాం. ఎందుకో ఒక రోజు బాపును గట్టిగా అడిగితే బయటపడింది. డబ్బాలో మట్టం తగ్గినప్పుడల్లా బాపు చెంబుతో బోరు నీళ్లు పోస్తున్నడు. లారీ అలవాటు! పోసీ పోసీ కూలెంట్ రంగు, వాసన రెండూ పోయినయ్. "చెప్పొద్దా బాపు?" అంటే "నువ్వు అడిగినవా?" అన్నడు. న్యాయమే, అడగలేదు.

మార్చి మొదటి వారం అమ్మమ్మకు జ్వరమని ఫోన్ వచ్చింది. గ్యాస్కెట్ సంగతి తేలలేదు, ముల్లు మామూలుగానే ఉంటుంది, నీళ్ల క్యాన్లు రెండు వేసుకుని మెల్లగా పోదామన్నాడు బాపు. చొప్పదండి, ధర్మారం మీదుగా రాయపట్నం దగ్గర గోదావరి దాటాం. లక్షెట్టిపేట దాకా ఏ ఇబ్బందీ లేదు. అమ్మ మంచం మీద ఒరిగి కిటికీలోంచి చూస్తూ, దారిలో ఎవరి పెళ్లికి ఎక్కడ దిగిందో చెప్తూనే ఉంది. జన్నారం దాటినంక ఎండ ముదిరింది. ఏసీ వేసి ఉంది. ముల్లు సగం దాటి మెల్లగా పైకి పోవడం చూశా.

ముల్లు పైకి లేస్తే హీటర్ ఫుల్లుగా పెట్టాలి, ఇంజిన్ వేడి కొంత అట్లా బయటికి పోతుందని ఎక్కడో చదివా. ఏసీ బంద్ చేసి హీటర్ తిప్పా. మార్చి ఎండలో హీటర్ వేసిన కొడుకును అమ్మ ఎట్లా చూసిందో చెప్పక్కర్లేదు. ముల్లు కొంచెం దిగింది. కానీ కిలోమీటరు పోయామో లేదో మళ్లీ లేచింది, ఈసారి జోరుగా. ముందు కవ్వాల్ అడవి. అక్కడ ఆగే ధైర్యం లేక, ఊరి చివర ఓ చిన్న హోటల్ ముందే పక్కకు తీశాం.

ఇక్కడ ఒక్క విషయం ఆగి చెప్పాలి. వేడి మీదున్న రేడియేటర్ మూత తీయొద్దు. మూత మీద 0.9 అని అంకె ఉంటుంది, అది ఒత్తిడి లెక్క, బార్లలో. అంత ఒత్తిడిలో నీళ్లు వంద దగ్గర మరగవు, దాదాపు 118 డిగ్రీల దాకా ఆగుతాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, ఆ నీళ్లు ఒక్కసారే మరిగి ఆవిరితో కలిసి మొహం మీదికి లేస్తాయి. బాపు కుడిచేతి మీద మచ్చ అట్లా వచ్చిందే. పైన ఉన్న హోస్ పైపును గుడ్డతో పట్టుకుంటే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగాలి. మాకు ముప్పావుగంట పట్టింది. ఇంకో మెలిక కూడా ఉంది. నీళ్లు మరీ తగ్గిపోతే వేడిని కొలిచే సెన్సర్ గాలిలో ఉండిపోతుంది. అప్పుడు ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందికే చూపించొచ్చు. ముల్లు దిగిందని సంబరపడొద్దు.

ఆగిన ఆ ముప్పావుగంటలో కింద టపటపా చుక్కలు. మళ్లీ అదే జాగా, సింకు ట్యాంకు కిందనే. గిన్నెలు కడిగిన నీళ్లా, ఇంజిన్ నీళ్లా? ట్యాంకు ఖాళీ చేస్తే తేలిపోయేది కదా అని మీరు అనొచ్చు. ఊరి ముందర, హోటల్ ఎదురుగా వాడిన నీళ్లు వదలడం బాగుండదు. నేను నీళ్లకు ఏదైనా రంగు కలుపుదామన్నా. పసుపు వేద్దామంటే అడుగున దిగిపోతుందన్నది అమ్మ. తర్వాత రోడ్డు అవతలికి చెయ్యి చూపించింది. ఆకు ఒక్కటి లేకుండా, చెట్టు నిండా ఎర్రగా మోదుగ పూలు. హోలీకి ఈ పూలే కాకపెట్టి చల్లుకునేవాళ్లమన్నది. హోటల్ పిల్లగాడు ఒడి నిండా ఏరుకొచ్చిండు. మా స్టవ్వు మీదనే మరిగించి, పసుపుపచ్చగా దిగిన నీళ్లు సింకులో పోసి, బండి కింద నోట్‌బుక్ కాయితం పరిచా.

పూలు మరుగుతున్నంతసేపు అమ్మ కలమడుగు ముచ్చట చెప్పింది. ఆ ఊరు జన్నారం మండలమే. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర ముందు మెస్రం వంశం వాళ్లు కాలినడకన అక్కడికొచ్చి, హస్తలమడుగు దగ్గర గోదావరి నీళ్లు ఝారీలో పట్టుకుని మళ్లీ నడుచుకుంటనే పోయి నాగోబాకు అభిషేకం చేస్తారు. "గంత దూరం నడిచి గా నీళ్లు తీస్కపోతరు. మన బండికి నాలుగు చక్రాలుండి ఏం లాభం" అన్నది. బాపు వినబడనట్టే కూర్చున్నడు.

అరగంటలో కాయితం మీద పది పదిహేను చుక్కలు పడ్డాయి. ఒక్కదానికీ పసుపు లేదు. అంటే ఇంజిన్ నీళ్లే. ఇంజిన్ ముందుంది, చుక్కలు ఆరేడు అడుగులు వెనక పడుతున్నాయి. అది మాత్రం అర్థం కాలేదు.

మెల్లగా చల్లారినంక నీళ్లు నింపి, మూతను ఒక మెట్టు వదులు చేసి నడిపిండు బాపు. ఒత్తిడి లేకపోతే కారడం తగ్గుతుంది, కానీ వంద డిగ్రీలకే మరుగుతుంది, అందుకని నలభై దాటకుండా, నాలుగు చోట్ల ఆగుతూ. ఉట్నూర్ చేరేసరికి సాయంత్రం నాలుగైంది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక పెద్దాయన. తెల్లగడ్డం, మెడలో మఫ్లర్, మార్చిలో కూడా. నేను మూడు నెలల చరిత్ర, గ్యాస్కెట్, కాయితం మీద చుక్కలు అంతా చెప్పుకొచ్చా. చాచా ఒక్కటే అడిగిండు.

"హీటర్ ఏసినంక ఎక్కువైందా బేటా?"

అయిందన్నా. "గాడీ ఎక్కడిది?" ఢిల్లీదన్నా. చాచా నవ్వి, లైటు పట్టుకుని కిందికి దూరిండు.

ఉత్తరాది బండ్లలో కొన్నిటికి వెనక సీట్ల వాళ్లకు వేరే హీటర్ ఉంటదట. ఇంజిన్ నుంచి వేడి కూలెంట్ రెండు పైపుల్లో బండి కిందుగా వెనక దాకా పోయి తిరిగొస్తది. కరీంనగర్‌లో హీటర్ వాడేదెవరు? అందుకే అట్లాంటి పైపు ఒకటి ఉంటదని కూడా ఎవరికీ తట్టలేదు, మాతో సహా. తెలంగాణలో చలి అంటే మొదట వినబడే పేరు ఆదిలాబాద్. ఇక్కడి మెకానిక్‌కు హీటర్ పైపులు తెల్వకపోతే ఎట్లా!

వెంటనే విప్పలేదు చాచా. ముందు గ్యాస్కెట్ అనుమానం తీర్చిండు. చల్లారినంక మూత తీసి, నీళ్లు నింపి, ఇంజిన్ స్టార్ట్ చేయించి రేడియేటర్ నోట్లోకి చూడమన్నడు. గ్యాస్కెట్ పోతే సిలిండర్ గాలి లోపలికొచ్చి బుడగలు ఆగకుండా వస్తయ్. మాకు రాలేదు. ఆయిల్ మూత తీసి చూపించిండు. నీళ్లు కలిస్తే టీలో పాలు పోసిన రంగు, మీగడ లాగ పేరుకుంటది. అదీ లేదు. సైలెన్సర్ వెనక తీపి వాసనతో తెల్లపొగ, అదీ లేదు. 45 వేలు పది నిమిషాల్లో మిగిలినయ్. బాపు మొహంలోకి రక్తం వచ్చింది.

తర్వాత చాచా మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా తీసి, కింద పైపులన్నీ గుడ్డతో తుడిచి పౌడర్ చల్లిండు. హీటర్ వేసి ఇంజిన్ నడిపిస్తే ఐదు నిమిషాలకు తెల్ల పౌడర్ మీద సన్నటి తడి గీత. నన్ను పడుకోబెట్టి చూపించిండు. మేం మంచం కోసం వెల్డింగ్ చేయించిన ఇనుప యాంగ్లర్ అంచు హీటర్ పైపుకు తగులుతోంది. బండి ఊగినప్పుడల్లా రాసుకుని రాసుకుని సూదిమొనంత చిల్లు. కారిన నీళ్లు కింద పడకుండా అదే యాంగ్లర్ పట్టుకుని వెనక్కి పారి, సింకు ట్యాంకు మూల దగ్గర చుక్కలవుతున్నయ్. తెల్లగా ఎండిన మరక అడుగడుగునా ఉంది, బోరు నీళ్ల సున్నం. మూడు నెలలుగా అక్కడే ఉంది ఆ గుర్తు. నేను అట్టను చూశా గాని తల పైకెత్తి చూడలేదు. ఎప్పుడూ తడి కనబడ్డ చోట ఆగొద్దు, అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్న తడిని వెతకాలి అన్నడు చాచా. బండి నడుస్తుంటే గాలి కూడా చుక్కను వెనక్కే తోస్తదట.

రిపేరు వింటే నవ్వొస్తది. అంత పైపు మార్చేది లేదు. "హీటర్ కావాల్నా బెహన్?" అని అమ్మను అడిగిండు. పొద్దుటి నుంచి ఆ పేరు వింటేనే మండిపోతున్న అమ్మ, పీకెయ్యమన్నది. వెనక్కి పోయే పైపును, తిరిగొచ్చే పైపును ఇంజిన్ దగ్గరే కోసి, మూరెడు కొత్త హోస్‌తో ఒకదానికొకటి కలిపి, రెండు పక్కలా మరలున్న క్లిప్పులు బిగించిండు. తీగ చుట్టమంటే చుట్టనన్నడు, తీగ రబ్బరును కోస్తది. కారే నీళ్లను తట్టలో పట్టి డబ్బాలో పోసిండు. షెడ్డు చుట్టూ మేకలున్నయ్. కూలెంట్ తియ్యగా ఉంటది, తాగితే మూగజీవాల కిడ్నీలు పోతయ్.

బోరు నీళ్లన్నీ వదిలేసి, కొత్త కూలెంట్, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీళ్లు సగం సగం కలిపి పోసినం. మూత పెట్టకుండా ఇంజిన్ నడుపుతూ, పై పైపును పిసుకుతూ ఉంటే బుడగలు లేచి మట్టం దిగింది. గాలి లోపల ఉండిపోతే మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి ఈ పనికి తొందర పనికిరాదు. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూసి మూత బిగించిండు. మొత్తం 1,900 రూపాయలు, అందులో కూలెంటే ఎక్కువ. ఇంకో మూడొందలు ఇవ్వబోతే చాచా తీసుకోలేదు, టీ తాగి పొమ్మన్నడు. యాంగ్లర్ అంచులకు పాత ట్యూబు ముక్కలు తొడగడం మాత్రం మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పిండు. అట్లాంటి అంచు దగ్గర్నే పోయే బ్రేక్ పైపును చూపించి చెప్పిండు. అది చూసినంక నాకు చెమట పట్టింది.

చీకటి పడుతుండగా అమ్మమ్మ ఊరు చేరాం. జ్వరం తగ్గి అరుగు మీద కూర్చుని ఉంది. అమ్మ బండి మెట్లు మెల్లగా, ఒక్కొక్కటి పట్టుకుని దిగింది. ఇద్దరూ చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. చేతులు పట్టుకుని కూర్చున్నరు. నేను, బాపు ఊరికే బండి చుట్టూ తిరిగినం.

రాత్రి అలవాటుగా అట్ట పరిచా. పొద్దున అందరికన్నా ముందే లేచి లాగి చూస్తే ఎడమ పక్క మధ్యలో, మళ్లీ చుక్కలు. మూడు. గుండె జారింది. వెలుతురులోకి తెచ్చి చూశా. పసుపుపచ్చగా ఉన్నాయి.

వెనక నుంచి బాపు తొంగి చూసి, "మొదటి మెకానిక్‌ను ఉత్తగనే తిట్టినవ్ కదరా" అన్నడు.

సింకు పైపు కింద ఇప్పుడు ఒక స్టీలు గిన్నె పెట్టాం. ఆదివారం విప్పుదామనుకుంటూనే ఉన్నా. పొద్దున్నే ఆ గిన్నె పారబోసేది నేనే.